వూటింగ్ 60హెచ్ఈ కీబోర్డు: ఆటకి సూపర్, "కొంచెం" అని టైపు చేయాలంటే తిప్పలు

ముందే చెప్పేస్తాను, మీరు వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి షూటింగ్ గేములు ర్యాంక్ కోసం పళ్లు కొరుక్కుంటూ ఆడే రకం కాకపోతే ఈ కీబోర్డు మీద డబ్బు పెట్టాల్సిన పనే లేదు. ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు. ఆడే రకమైతే మాత్రం కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే దీని గురించి వీడియోల్లో చెప్పేవాటిలో కొంత నిజం, కొంత హడావుడి, ఏది ఎంతో విడదీసి చెప్పేవాళ్లు తక్కువ.

వూటింగ్ అనేది నెదర్లాండ్స్‌లో ఒక చిన్న కంపెనీ. 2016లో కిక్‌స్టార్టర్ ద్వారా జనం దగ్గర డబ్బు పోగుచేసి మొదటి కీబోర్డు తీశారు. 60హెచ్ఈలో 60 అంటే సైజు, మామూలు పెద్ద కీబోర్డులో అరవై శాతం అన్నమాట. మొత్తం 61 కీలు. నంబర్ ప్యాడ్ లేదు, యారో కీలు లేవు, పైన ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉండే వరుస లేదు, డిలీట్, హోమ్, ఎండ్ ఏవీ విడిగా లేవు. వైరుతోనే పనిచేస్తుంది, బ్లూటూత్ గట్రా ఏమీ లేదు. బాడీ ప్లాస్టిక్. పక్కన ఒక గుడ్డ పట్టీ వేలాడుతూ ఉంటుంది, అది ఎందుకని ఇంటికొచ్చిన ప్రతివాడూ అడుగుతాడు (పట్టుకుని లాగడానికి, బ్యాగులోంచి తీయడానికి, అంతే, ఇంకేం రహస్యం లేదు).

హెచ్ఈ అంటే హాల్ ఎఫెక్ట్. ఎడ్విన్ హాల్ అనే ఆయన 1879లో కనిపెట్టిన సంగతి ఇది, అయస్కాంతం దగ్గరికి వస్తే కరెంటు ప్రవహిస్తున్న పలకలో అడ్డంగా చిన్న వోల్టేజీ పుడుతుంది, దాన్ని కొలిస్తే అయస్కాంతం ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది. ప్రతి కీ కాడలో ఒక బుల్లి అయస్కాంతం, కింద బోర్డు మీద ఒక సెన్సర్. కీబోర్డుల్లో ఇదేం కొత్త వింత కాదు, దశాబ్దాల కిందటే హనీవెల్ వాళ్ల మైక్రో స్విచ్ కంపెనీ హాల్ ఎఫెక్ట్ కీబోర్డులు చేసింది. గేమింగ్‌లోకి వచ్చాకే మనలాంటి వాళ్ల చెవిన పడింది.

మామూలు మెకానికల్ కీబోర్డులో ప్రతి కీ కింద ఉండే స్విచ్ దగ్గర ఏం జరుగుతుందో చూస్తే తేడా తెలుస్తుంది. చెర్రీ ఎమ్ఎక్స్ రెడ్ అనే స్విచ్ తీసుకోండి, కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, 2 మిల్లీమీటర్ల దగ్గర లోపల రెండు రేకులు అంటుకుంటాయి, అప్పుడు కంప్యూటర్‌కి "నొక్కాడు" అని కబురు వెళ్తుంది. కాస్త పైకి లేచాక, ఆ 2 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చాక గాని "వదిలేశాడు" అని తెలియదు. అంటే మీరు కీని అడుగుదాకా గట్టిగా నొక్కే అలవాటు ఉన్నవాళ్లయితే (ఆటలో టెన్షన్ పెరిగితే అందరం నొక్కుతాం) వేలు దాదాపు 2 మిల్లీమీటర్లు పైకి తీసేదాకా ఆ కీ నొక్కినట్టే లెక్క. పైగా రేకులు అంటుకునేటప్పుడు సన్నగా అదురుతాయి కాబట్టి ఆ అదురు తగ్గేదాకా కొన్ని మిల్లీసెకన్లు ఆగమని కీబోర్డు లోపలి ప్రోగ్రామ్‌లోనే రాసి ఉంటుంది. హాల్ ఎఫెక్ట్‌లో రేకులూ లేవు, అదురూ లేదు, కీ ఇప్పుడు ఎంత లోతులో ఉందనేది ఎప్పటికప్పుడు తెలుస్తూ ఉంటుంది.

దాని వల్లే ర్యాపిడ్ ట్రిగ్గర్ వచ్చింది, అసలు ఈ కీబోర్డు కొనేది దీని కోసమే. కీ ఎంత లోతులో ఉన్నా సరే, వేలు పైకి కదిలితే చాలు వదిలేసినట్టు, మళ్లీ కిందికి కదిలితే చాలు నొక్కినట్టు. ఆ కదలిక 0.1 మిల్లీమీటర్ దాకా పెట్టుకోవచ్చు.

ఇది ఆటలో ఎక్కడ పనికొస్తుందంటే, కౌంటర్ స్ట్రైక్ 2 (సీఎస్2)లో గానీ వాలరెంట్‌లో గానీ పరిగెడుతూ కాలిస్తే తూటాలు ఎటో పోతాయి, నిలబడితేనే సూటిగా వెళ్తాయి. కాబట్టి గోడ పక్క నుంచి డీ కీ నొక్కి కుడివైపు బయటికి వస్తారు, శత్రువు కనపడగానే డీ వదిలి ఒక్క క్షణం ఎడమకి నడిపే "ఏ" (A) కీ కొడతారు, ఆ ఎదురు దెబ్బతో మనిషి ఠక్కున ఆగుతాడు, అప్పుడు క్లిక్. ఈ మొత్తం పని రెప్పపాటులో అయిపోవాలి. మామూలు స్విచ్‌తో డీ కీ ఇంకా పైకి లేవకముందే మీరు "ఏ" కొట్టేస్తే రెండూ ఒకేసారి నొక్కినట్టవుతుంది, ఆ తర్వాత ఏది ముందు వదిలారన్నదాన్ని బట్టి మనిషి అటో ఇటో జారుతూ ఉంటాడు, మీరు మాత్రం "నేను ఆగే కాల్చాను కదరా" అని అరుస్తుంటారు. 60హెచ్ఈ మీద ఆ జారుడు తగ్గిపోయింది. ఇది ఊహ కాదు, ప్రాక్టీస్ మ్యాప్‌లో గోడ ముందు నిలబడి పక్కకి కదులుతూ, ఆగుతూ, ఒక్కొక్క తూటా కాలుస్తూ చూస్తే గోడ మీద పడిన గుర్తులే చెప్పేస్తాయి, మామూలు కీబోర్డుతో చెల్లాచెదురుగా పడేవి ఇక్కడ దగ్గర దగ్గరగా పడతాయి.

అలాగని ర్యాంకులు పెరుగుతాయా అంటే, చూడండి, మన గురి బాగోకపోతే ఇదేం చేస్తుంది. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు తొంగి చూడాలో తెలియనివాడు ఎంత త్వరగా ఆగినా చచ్చేది చచ్చేదే. నాకు తేడా బాగా తెలిసింది చిన్న చిన్న అడుగులతో గోడ పక్క నుంచి తొంగి చూసి వెనక్కి వచ్చేయడంలో. ఆ పనిలో ఇది నిజంగా చేతికి వేగం ఇస్తుంది. పాట తాళానికి తగ్గట్టు కీలు కొట్టే ఓసు! అనే ఆట ఆడేవాళ్లు షూటర్ వాళ్లకంటే ముందే ఈ కీబోర్డు వెంట పడ్డారు, వాళ్లకి రెండే కీలు ఆపకుండా టకటకా కొట్టాలి కాబట్టి, అందులో అర్థం ఉంది.

పోలింగ్ రేటు గురించి ఒక్క మాట, ఎందుకంటే డబ్బాల మీద అందరూ దీన్నే పెద్ద అక్షరాలతో వేస్తున్నారు. మొదట్లో వచ్చిన 60హెచ్ఈది 1000 హెర్ట్జ్, అంటే మిల్లీసెకనుకి ఒకసారి కంప్యూటర్‌కి కబురు పంపుతుంది. దీని అన్న 80హెచ్ఈది 8000, అంటే 0.125 మిల్లీసెకను. మీ మానిటర్ 144 హెర్ట్జ్‌ది అయితే ఒక్క ఫ్రేముకే దాదాపు 7 మిల్లీసెకన్లు పడుతుంది, హైదరాబాద్ నుంచి ముంబై సర్వర్‌కి పింగ్ (కబురు వెళ్లి తిరిగొచ్చే సమయం) పదుల మిల్లీసెకన్లలో ఉంటుంది, ఇంట్లో ఎవరైనా టీవీలో సినిమా పెట్టారంటే ఇంకా పైకి పోతుంది. ఇన్నిటి మధ్య ఆ 0.875 మిల్లీసెకను కోసం ఎక్స్‌ట్రా డబ్బు కట్టడం నాకైతే మనసొప్పదు.

ఇక 2024లో జరిగిన గొడవ. ఆ ఏడాది జులైలో రేజర్ అనే ఇంకో కీబోర్డు కంపెనీ వాళ్లు స్నాప్ ట్యాప్ అని ఒక ఫీచర్ తెచ్చారు, ఏ, డీ రెండూ ఒకేసారి నొక్కి ఉంటే చివర నొక్కినదే లెక్క, మొదటిది వదలకపోయినా వదిలినట్టే. వూటింగ్ కూడా స్నాపీ ట్యాపీ అని అదే పని చేసేది పెట్టింది. అంటే ఇందాక చెప్పిన డీ వదిలి ఏ కొట్టే కష్టంలో సగం కీబోర్డే చేసేస్తుంది. ఆగస్టు 19న, కౌంటర్ స్ట్రైక్ తీసిన వాల్వ్ కంపెనీ ఇలాంటివి సీఎస్2 అధికారిక సర్వర్లలో కుదరవని తేల్చేసింది, వాడుతూ దొరికితే మ్యాచ్‌లోంచి బయటికి పంపేస్తారు. ర్యాపిడ్ ట్రిగ్గర్ మీద ఆ నిషేధం లేదు, అక్కడ వేలు ఎత్తేదీ దించేదీ మీరే కాబట్టి. నా ఉద్దేశంలో వాల్వ్ చేసింది న్యాయమే. కొన్ని ఏళ్లు కష్టపడి నేర్చుకునే విద్య ఒక బటన్ నొక్కితే వచ్చేస్తే ఇంక ఆడటం దేనికి? సీఎస్ ఆడేవాళ్లు ఆ ఆప్షన్ ఆపేసి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే మధ్యలో బయటపడి, జట్టులో మిగిలిన నలుగురి చేత బూతులు తినాలి.

సెట్టింగులన్నీ వూటిలిటీ అనే ప్రోగ్రామ్‌లో ఉంటాయి, ఇన్‌స్టాల్ కూడా చేయక్కర్లేదు, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, మార్చినవి కీబోర్డులోనే సేవ్ అవుతాయి కాబట్టి వేరే కంప్యూటర్‌కి తగిలించినా అలాగే ఉంటాయి. ఈ ఒక్క విషయంలో మిగతా గేమింగ్ కంపెనీలన్నీ వచ్చి దీని దగ్గర పాఠం నేర్చుకోవాలి. దీనికి ముందు నా దగ్గర చవగ్గా దొరికే మాగ్నెటిక్ కీబోర్డు ఒకటి ఉండేది, పేరెందుకులెండి, దాని సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు, సగం మెనూలు చైనీస్‌లో ఉండేవి, అప్‌డేట్ చేసిన ప్రతిసారీ సెట్టింగులన్నీ మాయం. ఒకసారి లెక్క తప్పిందంటే డబ్ల్యూ కీ వదిలేసినా మనిషి ముందుకే పోతుండేవాడు, మళ్లీ కాలిబ్రేట్ చేస్తే గాని ఆగేవాడు కాదు. స్విచ్ మంచిదైతే సరిపోదు, దాని వెనక ప్రోగ్రామ్ రాసినవాళ్లు కూడా బుద్ధిగా పని చేసి ఉండాలి.

కొన్నవాళ్లలో చాలామంది మొదట చేసే పని, నొక్కినట్టు లెక్కేసే లోతుని అన్ని కీలకీ 0.1 మిల్లీమీటర్‌కి పెట్టేయడం. వద్దు. గాలి తగిలినా నొక్కినట్టే అవుతుంది. సీఎస్‌లో జీ కీ కొడితే చేతిలో తుపాకీ కింద పడిపోతుంది, వాలరెంట్‌లో ఎక్స్ తగిలితే ఎన్నో రౌండ్లు కూడబెట్టుకున్న అల్టిమేట్ (మన పాత్రకుండే అతి పెద్ద శక్తి) చేతికి వచ్చేస్తుంది, ఇవన్నీ అటూ ఇటూ కదిలే వేళ్ల పక్కనే ఉంటాయి. నేను కదలిక కీలు నాలుగింటికీ (డబ్ల్యూ, ఏ, ఎస్, డీ) లోతు 0.6 దగ్గర పెట్టి ర్యాపిడ్ ట్రిగ్గర్ 0.2 ఇచ్చాను, క్యూ, ఈ, జీ, ఎక్స్ లాంటివాటిని 2 మిల్లీమీటర్ల లోతుకి తోశాను, వాటికి ర్యాపిడ్ ట్రిగ్గర్ అసలు లేదు. ఒక్కో కీకి ఒక్కో లోతు ఇవ్వగలగడమే దీని అసలు గొప్పతనం. వేళ్లు బరువుగా పెట్టి కూర్చునేవాళ్లు ఇంకొంచెం పెంచుకోండి, ఎవరి చెయ్యి వాళ్లది.

ఇప్పుడు అసలు తిప్పలు. నేను ఇదే కీబోర్డు మీద తెలుగు కూడా టైపు చేస్తాను, ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో (భారతీయ భాషలకి ప్రభుత్వం ఖాయం చేసిన కీల అమరిక). ఇన్‌స్క్రిప్ట్‌లో ఎడమ చేతి వేళ్లు ఊరికే ఆనించి ఉంచే ఏ, ఎస్, డీ, ఎఫ్ కీల మీద ఏమున్నాయో గుర్తుచేసుకోండి: ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి. ఆట సెట్టింగుతోనే టైపు చేయడం మొదలుపెడితే మధ్యవేలు కాస్త బరువుగా ఆనగానే పొల్లు పడిపోతుంది, "కల" అని కొడితే "క్ల" అవుతుంది, "మన" కాస్తా "మ్న" అవుతుంది. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం ఎక్కువ పడితే కంటికి కనపడుతుంది, తెలుగులో పక్క అక్షరం రూపమే మారిపోయి వత్తై కూర్చుంటుంది, మళ్లీ చదివితే తప్ప పట్టుకోలేం.

అది సెట్టింగుతో పోయేదే. దానికంటే పెద్ద చిక్కు సైజుతో వచ్చింది. పెద్ద కీబోర్డులో 1కి ఎడమ పక్కన ఒక కీ ఉంటుంది చూడండి, ఇంగ్లిష్‌లో దాన్ని ఎవరూ పెద్దగా ముట్టుకోరు. ఇన్‌స్క్రిప్ట్‌లో మన ఒత్వం, షిఫ్ట్‌తో కొడితే ఒ, రెండూ అక్కడే. అరవై శాతం కీబోర్డులో పై వరుస లేదు కాబట్టి ఆ మూలకి ఎస్కేప్ వచ్చి కూర్చుంది, ఆ పాత కీ కావాలంటే ఎఫ్ఎన్ (Fn) కీ పట్టుకుని కొట్టాలి. అంటే కొంచెం, కొత్త, పొద్దున, తొందర, గొడవ, ఏది రాయాలన్నా రెండు చేతుల కసరత్తు. "ఒక" అని రాయడానికి ఎఫ్ఎన్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కాలి. ఎక్కడో యూరప్‌లో కూర్చుని డిజైన్ చేసినవాడికి మన ఒత్వం సంగతి ఏం తెలుస్తుంది, వాళ్లని అనడానికి లేదు, కానీ తెలుగులో రాసేవాళ్లు ఏ కంపెనీది అయినా సరే అరవై శాతం కీబోర్డు కొనేముందు ఈ ఒక్కటీ తెలుసుకోవాలి. వూటిలిటీలో రెండో ప్రొఫైల్ చేసి ఆ మూల కీకి ఒత్వం, క్యాప్స్ లాక్‌కి ఎస్కేప్ ఇచ్చేశాను, అన్ని కీలూ 2 మిల్లీమీటర్లకి, ర్యాపిడ్ ట్రిగ్గర్ బంద్. ఇప్పుడు హాయిగా ఉంది. ఫోన్‌లో లాగా ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునేవాళ్లకి ఈ గొడవే లేదు.

ఆఫీసు పని చేసేవాళ్లకి యారో కీలు లేకపోవడం దగ్గర ప్రాణం విసుగెత్తుతుంది. ఎక్సెల్‌లో ఒక గడి నుంచి పక్క గడికి వెళ్లాలన్నా, ఎఫ్2 నొక్కి సరిచేయాలన్నా ప్రతిదానికీ ఎఫ్ఎన్. కోడ్ రాసేవాళ్లు అలవాటు పడతారు, అకౌంట్స్ వాళ్లు మాత్రం పడలేరు, పడాల్సిన అవసరమూ లేదు. అలాంటివాళ్లకి ఈ కంపెనీదే కావాలంటే యారో కీలూ ఎఫ్ వరుసా ఉన్న 80హెచ్ఈ ఉంది.

రేసింగ్ గేముల్లో కీని సగం నొక్కితే సగం యాక్సిలరేటర్ అన్న ముచ్చట కూడా ఉంది, కీబోర్డు తనని తాను కంట్రోలర్‌గా చెప్పుకుంటుంది. సరదాగానే ఉంది గానీ 4 మిల్లీమీటర్లలో సగం, పావు అని వేలితో ఎంతని కొలుస్తాం? మలుపుల్లో స్టీరింగ్ మాత్రం కాస్త మెత్తగా తిరుగుతుంది. కొన్ని గేములు కంట్రోలర్, కీబోర్డు రెండూ ఒకేసారి చూసి తికమకపడి స్క్రీన్ మీద బటన్ గుర్తులు మార్చి మార్చి చూపిస్తాయి. నేనైతే నాలుగు రోజుల మోజు తీరాక మళ్లీ దాని జోలికి పోలేదు.

కీక్యాపులు పీబీటీ ప్లాస్టిక్‌వి, గరుగ్గా ఉంటాయి, చెమట చేతులతో గంటలు గంటలు వాడినా జిడ్డు మెరుపు అంత త్వరగా రాదు, మన ఎండాకాలానికి ఇది చిన్న విషయం కాదు. స్విచ్‌లు ఊడదీసి మార్చుకోవచ్చు, కానీ వాటి స్థానంలో అయస్కాంతం ఉన్నవే పడతాయి, బజార్లో దొరికే మామూలు రెడ్, బ్లూ, బ్రౌన్ స్విచ్‌లు పెడితే పనిచేయవు. శబ్దం ఫర్వాలేదు. క్లిక్ క్లిక్‌మనే బ్లూ స్విచ్‌లతో అర్ధరాత్రి ఆడి ఇంట్లో చీవాట్లు తిన్నవాళ్లకి ఇది ప్రశాంతంగా అనిపిస్తుంది, కీబోర్డు శబ్దం కోసమే వేల రూపాయలు తగలేసే పిచ్చివాళ్లకి మాత్రం ఈ ప్లాస్టిక్ డబ్బా బోలుగా వినిపిస్తుంది. లైట్లు బాగున్నాయి, ట్యాకియాన్ మోడ్ పెడితే స్పీడు కోసం ఆ లైట్ల వేషాలు తగ్గిపోతాయి, నేను అదే మోడ్‌లో ఉంచేశాను.

ధర దగ్గరికి వద్దాం. వాళ్ల సైట్‌లో 175 డాలర్ల దగ్గర ఉండేది. దాన్ని రూపాయల్లోకి మార్చి, రవాణా, కస్టమ్స్ సుంకం, కొరియర్ వాళ్లు విడిగా వేసే ఛార్జీలు కలిపితే ఇరవై వేలు దాటుతుంది. సుంకం లెక్క ముందే తేల్చుకోకుండా ఆర్డర్ పెడితే డెలివరీ అబ్బాయి తలుపు దగ్గర నిలబడి చెప్పే అంకె విని గుండె గుభేల్‌మంటుంది. అమెరికా నుంచో యూరప్ నుంచో వచ్చే బావగారి సూట్‌కేసులో తెప్పించుకోవడం మన ఇళ్లల్లో ఎప్పుడూ ఉన్న దారే, కానీ పాడైతే వారంటీ కోసం మళ్లీ సముద్రం దాటించాలన్నది గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఇదే హాల్ ఎఫెక్ట్, ఇదే ర్యాపిడ్ ట్రిగ్గర్ సగం ధరకీ అంతకంటే తక్కువకీ చాలా కంపెనీలు ఇస్తున్నాయి. అవి కొనేటట్టయితే డబ్బా మీద అంకెలు కాదు, సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుందా, ఒక్కో కీకి విడిగా లోతు పెట్టుకోవచ్చా, ఈ రెండూ చూడండి. హైదరాబాద్ దగ్గర్లో ఉన్నవాళ్లు కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఒక చుట్టు వెళ్లి రండి, చాలా షాపుల్లో బయట పెట్టిన కీబోర్డుల మీద చెయ్యి వేసి చూడనిస్తారు, ఆన్‌లైన్‌లో వంద రివ్యూలు చదివినా రాని సంగతి అక్కడ అయిదు నిమిషాల్లో వేళ్లకి తెలుస్తుంది.

మా బాబాయి కొడుకు ఇంటర్ సెకండియర్, "అన్నా, నాకూ అదే కావాలి" అని పట్టుకున్నాడు. వాడి మానిటర్ 60 హెర్ట్జ్‌ది, మౌస్ కంప్యూటర్‌తో పాటు వచ్చింది, మౌస్ ప్యాడ్ బదులు పాత క్యాలెండర్ అట్ట. రెడ్‌డ్రాగన్ కుమారా రెడ్ స్విచ్‌లది కొనుక్కో, యారో కీలు ఉన్నాయి, ఎఫ్ వరుస ఉంది, ఒత్వం ఉండాల్సిన చోటే ఉంది, మిగిలిన డబ్బుతో మంచి మౌస్, మానిటర్ చూసుకో అన్నాను. మొహం మాడ్చుకున్నాడు గానీ మానిటర్ మాట వినగానే కాస్త మెత్తబడ్డాడు.